పాత కిట్టును మార్చడమా, మొదటి నుంచి కట్టడమా

మోడల్ రైళ్లు కట్టేవారికి ఒక కొత్త గూడ్సు పెట్టె కావాలంటే రెండు దారులున్నాయి. ఎప్పుడో అచ్చుపోసిన ప్లాస్టిక్ కిట్టును తెచ్చి, కోసి, గీకి, కొత్త ముక్కలు చేర్చి కావలసిన పెట్టెగా మార్చుకోవచ్చు. లేదా ప్లాస్టిక్ రేకులు, ఇత్తడి తీగ, చెక్క పుల్లలు ముందు పెట్టుకుని కొలతల ప్రకారం మొత్తం కొత్తగా కట్టుకోవచ్చు. మొదటిదాన్ని కిట్‌బ్యాషింగ్ అంటారు, రెండోదాన్ని స్క్రాచ్‌బిల్డింగ్. ఈ అభిరుచి బాగా పాతుకుపోయిన అమెరికాలో రెండోదాన్ని అసలైన పనితనంగా, మొదటిదాన్ని అంతకు ఒక మెట్టు తక్కువగా చూసేవారు చాలామంది. పెట్టెను కొలబద్ద పక్కన పెట్టి చూస్తే ఆ హెచ్చుతగ్గులు నిలవవు. పాత కిట్టు అసలు కొలతలు, అంటే పొడవు, ఎత్తు, రేకుల అతుకులు పడిన చోట్లు, సరిగ్గా ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టే ఏ దారి మంచిదో తేలుతుంది.

అమెరికాలో ఎక్కువమంది వాడే స్కేలు హెచ్‌ఓ. అసలు రైల్లో ఒక అడుగు ఈ మోడల్లో 3.5 మిల్లీమీటర్లు, అంటే 87.1 వంతుల్లో ఒక వంతు. 1,435 మి.మీ. ప్రామాణిక గేజి ఇందులో 16.5 మి.మీ. అవుతుంది. అన్ని వైపులా మూసి ఉండి పక్కన జారుడు తలుపుండే 40 అడుగుల బాక్స్‌కారు 14 సెంటీమీటర్ల పెట్టె అవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో అమెరికా సరుకు రవాణాలో ఎక్కడ చూసినా కనిపించినది ఈ పెట్టే. పాత కిట్టుల్లో ఎక్కువగా దొరికేది కూడా ఇదే. అందుకని రెండు పద్ధతులనూ పోల్చడానికి ఇది సరైన ఉదాహరణ.

1934 జనవరిలో ఆల్ కాల్మ్‌బాక్ మిల్వాకీ నగరంలో మోడల్ రైల్‌రోడర్ పత్రికను మొదలుపెట్టారు. మరుసటి ఏడు అదే ఊళ్లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడింది. ఒకరు చేసిన చక్రాలు మరొకరు చేసిన పట్టాల మీద నడవాలంటే అందరికీ ఒకే ప్రమాణం ఉండాలి. ఆ ప్రమాణాలు రాయడమే సంఘం మొదట చేపట్టిన పెద్ద పని. ఆ రోజుల్లో కిట్టు అంటే పెట్టె ఆకారంలో కోసిన చెక్క దిమ్మె, అచ్చువేసిన అట్టముక్కలు, కొన్ని లోహపు పోతపనులు. మిగతాదంతా కొన్నవారే కోసుకోవాలి, నునుపు చేసుకోవాలి, రంగు వేసుకోవాలి. కిట్టు కట్టినవారికీ మొదటి నుంచి కట్టినవారికీ అప్పుడు పెద్ద తేడా లేదు. పత్రికల్లో కొలతలతో అచ్చయ్యే నమూనా పటాలే ఇద్దరికీ ఆధారం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ ఇంజెక్షన్ మోల్డింగ్ ఈ పరిస్థితిని మార్చేసింది. కాలిఫోర్నియాలో ఐర్విన్ అథర్న్ నీలం అట్టపెట్టెల్లో అమ్మిన కిట్టులు అందుకు మంచి ఉదాహరణ. ఒకే ముక్కగా పోసిన పెట్టె, అడుగుభాగం, బరువు కోసం ఒక ఉక్కు పట్టీ, చక్రాల చట్రాలు, నాలుగైదు మరలు. స్క్రూడ్రైవరుంటే ఒక సాయంత్రంలో బండి తయారు. ఇంత చవగ్గా ఇంతమందికి రైలు అందించిన ఘనత ఆ కిట్టులది. వాటిలో లోపాలున్నాయంటే అందుకు కారణం అజాగ్రత్త కాదు, అచ్చుల ఆర్థికం. ఉక్కు అచ్చు చెక్కించడం చాలా ఖరీదైన పని. వేల పెట్టెలు అమ్ముడైతేగాని ఆ ఖర్చు రాదు. అందుకని ఒకే అచ్చులో పోసిన పెట్టెకు పదుల రైల్వే కంపెనీల రంగులు, పేర్లు వేసి అమ్మేవారు. అసలు రైళ్లలో ఆ కంపెనీలన్నింటికీ అచ్చం అలాంటి పెట్టెలు ఉండకపోవచ్చు. తలుపు వెడల్పు వేరు, పైకప్పు వేరు, చివరి గోడ వేరు కావచ్చు. కిట్‌బ్యాషింగుకు పని పుట్టేది ఈ తేడాల దగ్గరే.

ఇంకో చిక్కు అచ్చుపోతలోనే ఉంది. అచ్చు పెట్టె నుంచి విడిపోవాలంటే నేరుగా వెనక్కి జరగాలి. పెట్టె గోడకు కాస్త ఎడంగా నిలిచే పట్టుకమ్మీ వెనక ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోకి ఉక్కు అచ్చు దూరలేదు. అందువల్ల పాత కిట్టుల్లో పట్టుకమ్మీలూ నిచ్చెనలూ గోడకు అతుక్కుపోయిన గట్లలాగే వచ్చాయి. అసలు రైల్లో బ్రేకు పనివాడు చేత్తో పట్టుకుని పైకెక్కే కమ్మీ ఇది. 1911లో అమెరికా ప్రభుత్వం ఖరారు చేసిన భద్రతా నియమాల ప్రకారం దాని మందం కనీసం అంగుళంలో 5/8 వంతు ఉండాలి, గోడకూ కమ్మీకీ మధ్య కనీసం రెండంగుళాల ఎడం ఉండాలి, రెండున్నర అయితే మరీ మంచిది. హెచ్‌ఓలో లెక్కేస్తే కమ్మీ మందం 0.18 మి.మీ., ఎడం 0.6 నుంచి 0.7 మి.మీ. కిట్టులోని గట్టు దీనికి రెండు మూడింతల లావుంటుంది, ఎడం అసలుండదు.

దీన్ని సరిచేయడం పాత కిట్టు మీద మొదటగా చేసే పని. ఉలిలా చదునైన అంచున్న చిన్న బ్లేడును గోడకు దాదాపు సమాంతరంగా పట్టి గట్టును పొరలు పొరలుగా గీకుతారు. ఒకేసారి లోతుగా పోతే బ్లేడు గోడలోకి దిగుతుంది. మిగిలిన గరుకును తడిపిన నున్నటి ఎమెరీ కాగితంతో రుద్దేస్తారు. కమ్మీ రెండు చివరలు పడే చోట సూదితో గుంట గుచ్చి, 0.34 మి.మీ. డ్రిల్లు బిట్టును చేతి పిడిలో బిగించి వేళ్లతో తిప్పుతూ రంధ్రం చేస్తారు. మోటారు డ్రిల్లు వాడితే రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. 0.32 మి.మీ. ఇత్తడి తీగను వంచి రంధ్రాల్లోకి దూర్చి, గోడకూ తీగకూ మధ్య 0.7 మి.మీ. మందం ప్లాస్టిక్ పట్టీని పెట్టి, లోపలి వైపు నుంచి ఒక్క చుక్క సయనోయాక్రిలేటు జిగురు వేస్తారు. జిగురు ఆరాక పట్టీ లాగేస్తే సరైన ఎడంతో కమ్మీ నిలుస్తుంది. ఈ తీగ కూడా అసలు కొలత కంటే లావే, కానీ చేత్తో తీసినప్పుడు వంగకుండా ఉండాలంటే ఆ మాత్రం మందం కావాలి. గట్టుతో పాటు చుట్టుపక్కల రివిట్లు కొన్ని పోవడం మామూలే. పాడైన మరో పెట్టె అడుగు నుంచి రివిట్లను గీకి తెచ్చి ఒక్కొక్కటే అతికించే ఓపికగలవారున్నారు. రెసిన్ చుక్కలు అచ్చువేసిన డెకాళ్లు వచ్చాక ఆ శ్రమ చాలా తగ్గింది.

పెట్టె కాలాన్ని మార్చడం కూడా పాత కిట్టు మీద తేలికే. 1933 నుంచి అమెరికాలో కొత్త గూడ్సు పెట్టెలకు ఏబీ రకం బ్రేకులు తప్పనిసరయ్యాయి. అంతకు ముందరి కే రకంలో గాలి తొట్టి, సిలిండరు, వాల్వు కలిసి ఒకే ముద్దగా ఉండేవి, ఏబీలో మూడూ విడివిడిగా ఉంటాయి. పైకప్పు మీద నడిచే బల్ల 1966 తర్వాత కొత్త బాక్స్‌కార్లకు అక్కర్లేకపోయింది. కిట్టు అడుగున ఉన్న బ్రేకు ముద్ద తీసేసి మూడు ముక్కలు పెట్టినా, పైనున్న నడకబల్ల తీసేసి రంధ్రాలు పూడ్చినా అదే పెట్టె మరో దశాబ్దానికి చెందుతుంది. ఇలాంటి మార్పుల కోసం మొత్తం పెట్టెను కొత్తగా కట్టడం వృథా శ్రమ.

పాతదన్నాక ఆ పదార్థం వయసునూ చూడాలి. స్టైరీన్ ప్లాస్టిక్ చాలాకాలం నిలుస్తుంది. దాని మీది పాత రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో నానబెట్టి వదిలించవచ్చు. కొన్ని తొలి ప్లాస్టిక్ మోడళ్లకు వాడిన సెల్యులోజ్ అసిటేటు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోయి వంకర తిరుగుతుంది. అన్నింటికన్నా మోసం చేసేది జింకు పోతలు. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కొద్దిగా ఉన్నా చాలు, గాలిలో తేమ తగిలినకొద్దీ లోహపు స్ఫటికాల సరిహద్దుల వెంట తుప్పు పాకుతుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, లోపల పోత ఉబ్బి, సన్నని చీలికలు అల్లుకుని, ఒకరోజు ముక్కలవుతుంది. ఈ జబ్బుకు మందు లేదు. 1929లో అతి శుద్ధమైన జింకుతో జమాక్ మిశ్రమాలు వచ్చాయి గాని, యుద్ధానంతరం కూడా మలినాలున్న పోతలు బజారులోకి రావడం ఆగలేదు. పాత ఇంజను పైపెట్టె మీద సాలెగూడు లాంటి చీలికలు కనిపిస్తే దాన్ని మార్చాలని చూడకూడదు. కొలతలు రాసుకుని, కొత్త పదార్థంతో మళ్లీ కట్టుకోవడమే మేలు.

పదార్థం బాగుండి, కొలతలు తప్పినప్పుడే నిర్ణయం కష్టమవుతుంది. బ్లేడు చేతికి తీసుకునే ముందు కొలబద్ద తీయాలి. ప్రతి రైల్వే కంపెనీ పెట్టెల లోపలి పొడవు, ఎత్తు, తలుపు వెడల్పు వరసగా అచ్చువేసే అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టరు ఉంది. నిర్మాణ పటాలకు కార్ బిల్డర్స్ సైక్లోపీడియా ఉంది. అవి దొరకనప్పుడు ఫొటోనే ఆధారం. ఆ కాలపు బాక్స్‌కారు చక్రం వ్యాసం మామూలుగా 33 అంగుళాలు. ఫొటోలో చక్రాన్ని కొలిస్తే మిగతా కొలతలన్నీ దాని నుంచి రాబట్టవచ్చు, కాకపోతే ఫొటో పెట్టెకు ఎదురుగా నిలబడి తీసినదై ఉండాలి.

ఇప్పుడు కిట్టు పెట్టె లోపలి ఎత్తు పదిన్నర అడుగులకు సరిపోయేదనీ, కావలసినది పదడుగులదనీ తేలిందనుకుందాం. తేడా 1.75 మి.మీ. అంతేకదా అనిపిస్తుంది. పక్కన సరైన పెట్టె నిలిపితే ఎవరి కంటికైనా ఆనుతుంది. గోడ అడుగు నుంచి అంత మేర కోసేస్తే అక్కడి రివిట్ల వరస పోతుంది. తలుపు పొట్టిదవాలి, దాని పట్టాలు జరగాలి. నిచ్చెన మెట్ల మధ్య దూరం మారాలి. చివరి గోడల్లోని ఉబ్బెత్తు పట్టీల సంఖ్య కూడా ఆ ఎత్తుకు సరిపోకపోవచ్చు. ఒక్క కొలతను సరిదిద్దబోతే అయిదారు కొలతలు కదులుతాయి. పొడవు తేడా దీనికన్నా కొంత నయం. రెండు కిట్టులను రేకుల అతుకు పడే నిలువు గీత దగ్గర కోసి కలిపితే కోత ఆ గీతలోనే దాగిపోతుంది. సన్నని రంపం కూడా తన మందం మేరకు ప్లాస్టిక్‌ను పొట్టుచేస్తుంది కాబట్టి గీతకు కాస్త అవతలే కోసి, ఎమెరీతో గీత దాకా అరగదీయాలి. ఎత్తు తప్పితే కొత్తగా కట్టు, పొడవు తప్పితే ఆలోచించు, పైపై అమరికలే తప్పితే మార్చుకో అన్న లెక్క చాలావరకు పనికొస్తుంది.

కొత్తగా కట్టడానికి ఇప్పుడు అందరూ వాడే పదార్థం స్టైరీన్ రేకు. దీన్ని పూర్తిగా కోయనక్కర్లేదు. బ్లేడుతో గీత గీసి వంచితే గీత వెంట నిటారుగా విరుగుతుంది. అతకడానికి వాడేది నిజానికి జిగురు కాదు, మిథైల్ ఇథైల్ కీటోన్ లాంటి ద్రావణి. రెండు అంచులు కలిపి పట్టి కుంచెతో తాకిస్తే ద్రవం సందులోకి దానంతటదే పాకి, రెండు వైపులా పైపొరను కరిగిస్తుంది. కరిగిన అణుగొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ద్రావణి ఆవిరయ్యాక అక్కడ అతుకంటూ ఉండదు, రెండూ ఒకే ప్లాస్టిక్. ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కిటికీలు తెరిచే పనిచేయాలి. ఈ ద్రావణి కొత్తవారికి తెచ్చిపెట్టే ఇబ్బంది ఇంకొకటుంది. నాలుగు గోడలూ కప్పూ అడుగూ బిగించేశాక లోపల చిక్కిన ఆవిరి బయటికి పోలేక గోడలను మెత్తబరుస్తూ ఉంటుంది. కొన్ని వారాల తర్వాత చూస్తే గోడ లోపలికి కుంగి ఉంటుంది. అడుగున రెండు మూడు రంధ్రాలు పెట్టి, లోపల అడ్డుగోడలు నిలిపితే ఆ బెడద తప్పుతుంది. పలచని రేకులు రెండు అతికి గోడ చేసేటప్పుడు కూడా రెండూ ఒకే మందం ఉంటే రెండు వైపులా లాగుడు సమానమై గోడ వంగకుండా ఉంటుంది.

చదునైన గోడలు, అడుగు చట్రం, చెక్క పలకల పెట్టెలు ఇలా చక్కగా వస్తాయి. రివిట్లను 0.13 మి.మీ. రేకు మీద వెనకనుంచి సూదిమొన ప్రెస్సుతో ఒక్కొక్కటే ఒత్తి పైకి లేపవచ్చు. కష్టమంతా వంపులున్న చోటే. 1920ల నుంచి అమెరికా బాక్స్‌కార్లకు వాడిన డ్రెడ్‌నాట్ చివరి గోడలు ఒత్తుడు ఉక్కు రేకులు. వాటి మీద అడ్డంగా ఉబ్బెత్తు పట్టీలు, వాటి మధ్య చివరలకు సన్నబడే చిన్న ఉబ్బులు ఉంటాయి. అలాంటి ఆకారాన్ని చేత్తో రెండుసార్లు ఒకేలా తేవడం ఎంతటి పనివారికైనా కష్టమే. అచ్చుకు ఇది సులువు. అందుకే ఆరితేరినవారు పక్క గోడలు సొంతంగా కట్టి, చివరి గోడలూ పైకప్పూ పాత కిట్టు నుంచి కోసి తెచ్చుకుంటారు. బయటి కొలత తప్పినా చివరి గోడ అందంగా ఉన్న పాత కిట్టులు పారేయకుండా దాచుకోవలసినవి.

ఏ దారిన కట్టినా బరువు లెక్క ఒకటే. పొడవు 87.1 వంతుకు తగ్గితే ఘనపరిమాణం, దానితోపాటే బరువు, 87.1ని మూడుసార్లు గుణించినంత, అంటే దాదాపు 6,60,000 వంతుకు తగ్గుతుంది. 21 టన్నుల ఖాళీ బాక్స్‌కారు ఈ లెక్కన 32 గ్రాములే. అంత తేలిక పెట్టె మోడల్ పట్టాల మీద నిలవదు. ఇంటి గదిలో పట్టే 24 అంగుళాల వంపు అసలు లెక్కలో 53 మీటర్ల వ్యాసార్ధం. ప్రధాన మార్గాల మీద నిజమైన రైలు అంత బిగువైన వంపు ఎప్పుడూ తిరగదు. ముందు ఇంజను, వెనక పొడవాటి బండి లాగుతుంటే మధ్యలోని తేలిక పెట్టె వంపు లోపలి వైపుకు ఒరిగి పట్టా తప్పుతుంది. సంఘం సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దానిమీద ప్రతి అంగుళం పొడవుకూ అర ఔన్సు ఉండాలి. 40 అడుగుల బాక్స్‌కారుకు అది 106 గ్రాములవుతుంది. విశేషమేమంటే ఆ తరహా 50 టన్నుల సామర్థ్యం గల పెట్టె నిండా సరుకుతో తూగగల గరిష్ఠ బరువు 1,69,000 పౌండ్లు. దాన్ని స్కేలుకు దించితే 116 గ్రాములు. అంటే నియమం పాటించిన మోడల్ ఎప్పుడూ దాదాపు నిండు బండే. పాత కిట్టులో ఉక్కు పట్టీ ఈ పని చేసేస్తుంది. సొంతంగా కట్టిన పెట్టెలో బరువును నేలకు వీలైనంత దగ్గరగా, కప్పు మూయకముందే అమర్చాలి. గోడలూ కప్పూ లేని ఫ్లాట్‌కారులో బరువు దాచే చోటే ఉండదు, అందుకని దాని చట్రాన్ని ఇత్తడితో చేసి టంకం వేసేవారున్నారు.

రెండు పద్ధతుల మధ్య గీత అసలు రైల్వేల్లోనే చెరిగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం రైళ్లను తన చేతిలోకి తీసుకుని ఒకే నమూనాలతో లక్ష గూడ్సు పెట్టెలకు ఆర్డరు ఇచ్చింది. వాటిలోని చెక్క బాక్స్‌కార్లను 1930లలో చాలా కంపెనీలు పారేయలేదు. ఉక్కు అడుగు చట్రాన్ని అలాగే ఉంచి, చెక్క తీసేసి ఉక్కు గోడలు కట్టాయి. కొత్త గోడను పాత చట్రం అంచుకు బయట నిలిపితే లోపల చోటు కాస్త పెరుగుతుంది. అందువల్ల అలాంటి పెట్టెల్లో గోడ అడుగున చట్రం లోపలికి నొక్కుకుపోయి, మధ్యమధ్య చిన్న బ్రాకెట్లు బయటికి కనిపిస్తాయి. అలాంటి పెట్టెను మోడల్‌గా చేయాలంటే పాత చెక్క బాక్స్‌కారు కిట్టు అడుగు చట్రం తీసుకుని, స్టైరీన్ గోడలు బయటికి నిలిపి కట్టడమే సరైన దారి. వర్క్‌షాపులో అసలు పని ఏ వరసలో జరిగిందో బల్ల మీద పని కూడా అదే వరసలో జరుగుతుంది.

ఒకే రకం పెట్టెలు పది కావాలనుకునేవారు ఇంకో పద్ధతి పట్టారు. ఒక్క పెట్టెను మాత్రం మొదటి నుంచి అతి జాగ్రత్తగా కట్టి, దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీసి, అందులో పాలియురిథేన్ రెసిన్ పోస్తారు. రబ్బరు వంగుతుంది కాబట్టి ఉక్కు అచ్చుకు చిక్కని చిన్న చిన్న మలుపులూ ఇందులో వస్తాయి. అచ్చు ఖర్చు తక్కువ, కొన్ని పదుల పోతల తర్వాత రబ్బరు చిరిగిపోతుంది. ఎక్కువమంది అడగని పెట్టెల కిట్టులను చిన్న తయారీదారులు అమ్మగలిగింది ఈ పద్ధతి వల్లే. ఇప్పుడు రెసిన్ త్రీడీ ప్రింటరు ఆ మొదటి నమూనా పనిని కూడా కంప్యూటరు తెర మీదికి మార్చింది. చేత్తో రాని డ్రెడ్‌నాట్ చివరి గోడ గీసుకున్నవారికి వచ్చేస్తోంది, పొరల గీతలు మాత్రం ఇంకా గీకి నునుపు చేయాలి.

ఎవరు ఎంత కట్టినా ఏదీ కొనకుండా కట్టేవారు లేరనే చెప్పాలి. సంఘం పోటీ నియమాల్లో కూడా చక్రాలు, చక్రాల చట్రాలు, కప్లర్లు కొన్నవే అయినా పెట్టె స్క్రాచ్‌బిల్ట్ కిందే లెక్క. అక్కడ మొత్తం 125 మార్కులు. నిర్మాణపు పనితనానికి 40, అసలు రైలును పోలి ఉన్నందుకు 25, రంగుకూ అక్షరాలకూ 25, చిన్న చిన్న వివరాలకు 20, సొంతంగా కట్టినందుకు 15. మొదటి నుంచి కట్టడానికి విడిగా దక్కేది అన్నింటికన్నా తక్కువ, శ్రద్ధగా అతికినందుకు దక్కేది అన్నింటికన్నా ఎక్కువ. ఈ విభజన న్యాయంగానే ఉంది.

కిట్టులే లేని రైళ్ల విషయంలో ఎంపిక మరోలా ఉంటుంది. భారత బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. హెచ్‌ఓలో 19.2 మి.మీ. అవుతుంది. బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టాల మీద మన ఎక్స్‌ప్రెస్ పెట్టె నిలిపితే కింద చక్రాలు ఇరుకుగా కనిపిస్తాయి. దాన్ని సరిదిద్దాలంటే ఇరుసులు, పట్టాలు, పాయింట్లు అన్నీ సొంతంగా చేసుకోవాలి, అందుకే చాలామంది ఆ తేడాతో సర్దుకుంటారు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన లైటు రైల్వే మాత్రం 762 మి.మీ. నారోగేజి. హెచ్‌ఓలో అది 8.75 మి.మీ. మరింత చిన్నదైన ఎన్ స్కేలు పట్టాల గేజి 9 మి.మీ. తేడా పావు మిల్లీమీటరే. బ్రాడ్‌గేజి వచ్చాక కనిపించకుండా పోయిన ఆ చిన్న బండిని కట్టాలనుకునేవారు ఎన్ స్కేలు ఇంజను యంత్రాన్ని కొని, దాని పైపెట్టె తీసేసి, హెచ్‌ఓ కొలతల్లో కొత్త పైపెట్టెను స్టైరీన్‌తోనో ఇత్తడితోనో కట్టుకోవచ్చు. కింద ఉన్నది కొన్నది, పైన ఉన్నది మొదటి నుంచి కట్టినది. ఇక్కడ చూసుకోవలసింది చక్రాల మధ్య దూరం. అది యంత్రంతోపాటే వస్తుంది, మార్చడం దాదాపు అసాధ్యం. అందువల్ల ముందుగా అసలు ఇంజను ఫొటోలూ పటాలూ చూసి చక్రాల సంఖ్య, దూరం 87.1తో భాగించి రాసుకుని, ఆ అంకెలకు దగ్గరగా వచ్చే యంత్రం కోసం వెతకాలి. పెట్టెలకు ఈ ఇబ్బంది తక్కువ, ఎన్ స్కేలు చక్రాల చట్రాలను వాటి కిందికి సరిపడేంత దూరంలో బిగించుకోవచ్చు.